నాలుగు నుంచి ఐదు దాకా

సాయంత్రం ఐదు గంటల పదకొండు నిమిషాలకి తెర మీద సువార్తమ్మ చచ్చిపోయింది.

మంచం మీద సువార్తమ్మ మాత్రం ఇంకా బతికే ఉంది. గొంతులో గొట్టం, ముక్కులో గొట్టం, మెడలో సూది. వెంటిలేటర్ తోస్తున్న ఊపిరికి ఆమె ఛాతీ కొద్దికొద్దిగా లేచి పడుతోంది.

"మళ్ళీ పెట్టు," అన్నాడు డాక్టర్ పరాంకుశం.

చారుమతి మీట నొక్కింది. తెర మీద నీలం గీతల మనిషి మళ్ళీ లేచింది. దాని చేతికి ఓ సెలైన్ సీసా ఎక్కించింది. నిజం సీసా కాదు, లెక్కల సీసా. నలభై సెకన్లలో ఆరు గంటల కాలం గడిచిపోయింది. ఊపిరితిత్తుల అడుగున నీలం మరక పుట్టి, పైకి పాకి, నిండిపోయింది. గుండె గీత సాగి సాగి పడుకుంది. తెర ఎర్రబడి రెండు మాటలు చూపించింది.

నీరు వద్దు.

"మూడుసార్లు పెట్టావు. మూడుసార్లూ పోయింది. ఇంకేం కావాలి?" అన్నాడు పరాంకుశం.

ఆ యంత్రం పేరు 'నీడ'. దాన్ని కట్టింది చారుమతే. నాలుగేళ్ళ చాకిరీ.

ప్రాణం మీదికి వచ్చి వెంటిలేటర్ ఎక్కిన మనిషికి బీపీ పడిపోతుంటే, ప్రతి డాక్టరూ మొదట ఆలోచించేది సెలైన్ గురించే. పెడితే సగం మందికి గుండె పుంజుకుంటుంది. మిగతా సగానికి ఆ నీళ్ళన్నీ ఊపిరితిత్తుల్లోకి దిగి, మంచం మీదే మునిగిపోతారు. ఎవరు ఏ సగమో పెట్టి చూస్తేగాని తెలియదు, తెలిసేసరికి లోపలికి పోయిన నీళ్ళు వెనక్కి రావు. నీడ ఆ చిక్కు విప్పింది. పది నిమిషాలపాటు రోగి నాడినీ ఊపిరినీ గమనించి అచ్చు తీసుకుంటుంది. ఆ అచ్చులోంచి ఇంకో మనిషిని తయారుచేస్తుంది. సీసా ముందు ఆ మనిషికి పెడుతుంది. చస్తే అదే చస్తుంది.

రెండు వందల పన్నెండు మంది మీద పరీక్షించారు. వచ్చే నెల మరో నలభై ఆసుపత్రుల్లో పెట్టబోతున్నారు.

"బీపీ యాభై ఎనిమిది సర్," అంది కెజియా, కుర్ర నర్సు. సగటు బీపీ అరవై అయిదు కిందికి దిగకూడదని ఆ పిల్లకి నేర్పింది మంచం మీదున్న సువార్తమ్మే. ముప్పై ఒక్క ఏళ్ళుగా ఈ కాకినాడ ట్రస్టు ఆసుపత్రిలో నర్సు, పదేళ్ళుగా ఈ వార్డుకి హెడ్డు. మూడు రోజులు జ్వరంతోనే డ్యూటీ చేసింది. నాలుగో రోజు మందుల బీరువా ముందు కూలిపోయింది. ఈ మంచం ఎక్కి ఇవాళ్టికి నాలుగు రోజులు. రక్తంలో విషం పాకింది, ఊపిరితిత్తులు గట్టిపడ్డాయి.

"బీపీ మందు పెంచు," అన్నాడు పరాంకుశం.

"ఇప్పటికే చివరి గీత దగ్గరుంది సర్. వేళ్ళు నీలంగా తిరుగుతున్నాయి."

పరాంకుశం ఆ వేళ్ళు చూశాడు, చూపు తిప్పుకున్నాడు.

చారుమతి కళ్ళు తెర మీదే ఉన్నాయి. సీసా పెట్టిన నీడ చచ్చింది, సరే. సీసా పెట్టని నీడ కూడా ఒకటి పక్కనే నడుస్తోంది. దాని లెక్క ప్రకారం ఈపాటికి బీపీ అరవై ఎనిమిది ఉండాలి. ఆ నీడ నిక్షేపంగా ఉంది. మనిషి చూస్తే జారిపోతోంది.

"సర్, నీడ తప్పు చెబుతోంది."

పరాంకుశం ఆమె వైపు విచిత్రంగా చూశాడు. "నీ బిడ్డని నువ్వే దొంగ అంటున్నావా?"

"దొంగో కాదో తెలీదు. ఈ మంచం మీద మనిషినైతే అది చూడట్లేదు. ఇంకెవరినో చూస్తోంది."

"పాత పద్ధతిలో నాడి ఊగిసలాట కొలుద్దామంటే కుదరదు. ఈవిడకి చిన్న చిన్న ఊపిర్లే ఇస్తున్నాం, వాటికి నాడి ఊగదు. కొత్తగా అచ్చు తియ్యి."

"పది నిమిషాలు ఎవరూ ముట్టుకోకూడదు సర్. మీరు నిమిషానికోసారి రక్తం తీస్తున్నారు."

"అయితే నువ్వు నాకు చెప్పేదేంటి?"

"పది నిమిషాలివ్వండి."

"ఆవిడ దగ్గర ఎన్ని ఉన్నాయో నాకే తెలీదు," అన్నాడాయన. "నీకు అయిదిస్తా."

*

చారుమతి కంప్యూటర్ ముందు కూలబడి సువార్తమ్మ నాలుగు రోజుల గీతలూ ఒకదాని కింద ఒకటి పరిచింది.

మొదట ఏమీ కనబడలేదు. తర్వాత కనబడింది.

ప్రతిరోజూ నాలుగింటికి గీత మెల్లగా పైకి లేస్తోంది. ఐదు దాకా పైనే ఉంటోంది. ఐదూ పదికల్లా దిగిపోతోంది. చదును నేల మీద దిబ్బ పోసినట్టు నాలుగు రోజులకీ నాలుగు దిబ్బలు, అన్నీ ఒకే వెడల్పు. ఆ గంటలో మందు మారలేదు, వెంటిలేటర్ మారలేదు.

నీడ అచ్చు తీసుకునేది సరిగ్గా నాలుగుంబావుకి.

ఆ వేళ ఎంచుకున్నది కూడా ఆమెకి బాగా గుర్తుంది. రెండేళ్ళ కిందట, వార్డులో యంత్రం దింపిన మొదటివారం. రోజంతా ఎవరో ఒకరు రోగిని కదిలిస్తూనే ఉన్నారు. కఫం లాగడం, పక్కకి తిప్పడం, ఒళ్ళు తుడవడం. అచ్చు చెడిపోతోంది. తల పట్టుకు కూర్చుంటే సువార్తమ్మే టీ గ్లాసు చేతిలో పెట్టింది.

"నీ మిషను మా అత్తగారిలా ఉందే అమ్మాయ్. ఎవరూ కదలకూడదు, ఎవరూ దగ్గకూడదు."

"పది నిమిషాలు చాలు సిస్టర్. ఎవరూ ముట్టుకోని పది నిమిషాలు."

"నాలుగు నుంచి ఐదు దాకా పెట్టుకో. చుట్టాలొచ్చే టైము. ఆ గంట మా చేతులు పేషెంటు మీద పడవు."

చారుమతి ఎగిరి గంతేసింది. చుట్టాలొచ్చే వేళ వార్డులో నిలబడి చూడాలని ఆమెకి తట్టలేదు. ఆ వేళకి తను ఎప్పుడూ కింద గదిలో, తెర ముందే ఉండేది.

"కెజియా! నాలుగు నుంచి ఐదు దాకా మీరేం చేస్తారు?"

"ఏం చెయ్యమండి. చుట్టాల టైం కదండి."

"అస్సలేం చెయ్యరా? గుర్తు చేసుకో."

"సిస్టర్ గారి పద్ధతుందండి. తలవైపు మంచం దించుతాం, ఆళ్ళు చెవిలో మాట్లాడుకుంటారని. కాళ్ళ కింద రెండు తలగడలెడతాం. ఎత్తుగా ఉంటే పట్టడానికి బాగుంటాదండి."

"ఏం పట్టడానికి?"

కెజియా తెల్లబోయి చూసింది. "కాళ్ళండి. ఇంటోళ్ళు వచ్చి ఏం చేస్తారండి మరి? మాటాడితే పలకరు, అన్నం పెడదామంటే గొట్టం. కాళ్ళు పడతారండి. సిస్టర్ గారే చూపిస్తారు, మడమ కాణ్ణించి మోకాలి దాకా పైకి నొక్కమని. ఐదయ్యాక తలగడలు తీసేసి, తల లేపేస్తాం."

తల దించి కాళ్ళు ఎత్తితే ఏమవుతుంది? కాళ్ళల్లో నిలవున్న రక్తం, దాదాపు అర సీసా, గుండెలోకి జారుతుంది. పిక్కలు పైకి నొక్కితే ఇంకాస్త. ఆ గంటసేపు గుండె నిండుగా ఉంటుంది. నీడ వచ్చి చూసేది ఆ గంటలోనే! నిండు కుండని చూసి, ఇందులో ఇంకో సీసా పోస్తే పొర్లుతుంది అని లెక్క కడుతుంది. ఐదింటికి చుట్టాలు వెళ్ళిపోతారు. కాళ్ళు కిందికి దిగుతాయి, కుండ వెలితిపడుతుంది. నీడకి ఆ సంగతి తెలియదు.

ఆమె వేళ్ళు పాత రోగుల గీతల మీద పరుగెత్తాయి. దిబ్బ, దిబ్బ, చదును, దిబ్బ.

"పదమూడో మంచం, జనవరిలో. ఈయన గీత చదునుగా ఉందే?"

"బస్టాండులో దొరికిన పెద్దాయనండి. ఆయనకెవరూ రాలేదు."

"ఇరవయ్యో మంచం?"

"ఒరిస్సా కూలీ అండి. ఆడికీ ఎవరూ లేరు."

చదునుగా ఉన్నచోటల్లా నీడ చెప్పింది చెప్పినట్టు జరిగింది. ఎవరూ లేనివాళ్ళ విషయంలో యంత్రం ఒక్కసారీ తప్పలేదు. తప్పిందల్లా కాళ్ళ దగ్గర ఒకరు కూర్చున్నవాళ్ళ విషయంలోనే.

తొమ్మిదో మంచం గీత తెరిచింది. గంటయ్య, ఉప్పు మళ్ళలో కూలీ. ఎత్తయిన దిబ్బ. 'నీరు వద్దు' అంది నీడ. నీరు పెట్టలేదు. మర్నాడు తెల్లవారేసరికి పోయాడు. ఆ పొద్దున సువార్తమ్మ ఒక మాట అంది. "నీ మిషను అబద్ధమాడిందనను అమ్మాయ్. దేన్నో చూడట్లేదు, అంతే." చారుమతి ఆ రోజు ఆమెకి లెక్కలు చూపించి నోరు మూయించింది.

"యాభై నాలుగు!" అని అరిచింది కెజియా.

*

"సీసా పెట్టను," అన్నాడు పరాంకుశం, చారుమతి చెప్పిందంతా విని. ఆయన నుదురంతా చెమట. "ఏప్రిల్లో సముద్రం మీద చేపల వేటకెళ్ళే కుర్రాడొకడికి నీడ మాట కాదని నా సొంత తెలివితో నీళ్ళు పెట్టాను. నోట్లోంచి నురగ వచ్చి పోయాడు, నా చేతుల్లోనే. వాడికి కూడా ఎవరూ లేరు. నీ యంత్రం అప్పుడు నిజమే చెప్పింది."

"చుక్క నీరు కూడా వద్దు సర్. ఆవిడ రక్తమే ఆవిడకిద్దాం. కాళ్ళు ఎత్తండి. ఒక్క నిమిషం. గుండె పుంజుకుంటే నీళ్ళు కావాలని లెక్క. పుంజుకోకపోతే కాళ్ళు దించేద్దాం, ఎక్కడి రక్తం అక్కడికే పోతుంది. నష్టమేం లేదు."

"అది మేం చదువుకునే రోజుల్లో చేసిన పరీక్ష."

"నా యంత్రం వచ్చాక మీరంతా మానేశారు."

పరాంకుశం మంచం వైపు తిరిగాడు. "ఎత్తండి!"

తలవైపు మంచం దించారు. కెజియా ఒక కాలు, చారుమతి ఒక కాలు పట్టి ఎత్తారు. అంతే, సువార్తమ్మ ఒళ్ళు బిగిసింది. గొంతులో గొట్టంతోనే దగ్గింది. వెంటిలేటర్ కుయ్యోమంది. అంకెలు ఇష్టం వచ్చినట్టు ఎగిరాయి.

"దించండి! దగ్గితే వచ్చిన అంకెని నేను నమ్మను. మత్తు పెంచితే బీపీ పూర్తిగా పోతుంది. అయిపోయింది చారుమతీ."

చారుమతి తలెత్తింది. అద్దాల తలుపు అవతల సువార్తమ్మ భర్త దానియేలు నిలబడి ఉన్నాడు. ఆరడుగుల మనిషి, లారీ డ్రైవరుగా చేసి మానేశాడు. ఐదింటికే బయటికి పంపేసినా ఇల్లు చేరలేదు. వాచ్‌మన్ అప్పలస్వామి ఆయన భుజం పట్టుకుని వెనక్కి లాగుతున్నాడు.

ఆమె పరుగెత్తి తలుపు తోసింది.

"దానియేలు గారూ, లోపలికి రండి!"

"టైం అయిపోయిందమ్మా," అన్నాడు అప్పలస్వామి. "సిస్టరమ్మ గారి రూలే అది. ఐదు దాటితే మా ఆయన్ని కూడా రానివ్వకు అని ఆవిడే సెప్పింది."

"నీ రూలు తగలెయ్య! ఆవిడుంటేనే కదరా రూలుండేది!" అని దానియేలు ఒక్క విదిలింపుతో లోపలికి వచ్చేశాడు. "ఏంటండి అమ్మాయిగారూ? మా యావిడికేమైంది?"

"ఏం అడక్కండి. ఇందాక కాళ్ళు ఎలా పట్టారో అలాగే పట్టండి. భుజం దాకా ఎత్తి పట్టుకోవాలి."

దానియేలు మంచం చివర నిలబడ్డాడు. రెండు మడమలూ అరచేతుల్లోకి తీసుకున్నాడు. స్టీరింగు పట్టి కాయలు కాసిన చేతులవి.

"ఏమే, నేనే. కంగారుపడకు," అన్నాడు మెల్లగా. "ముప్పై ఏళ్ళు ఈటి మీద నిలబడ్డావు కదే. కాసేపు నాకియ్యి."

కాళ్ళు లేచాయి. సువార్తమ్మ ఒళ్ళు బిగియలేదు. దగ్గలేదు. ఆ చేతులు ఆమెకి తెలుసు.

పరాంకుశం గడియారం చూస్తున్నాడు. చారుమతి అంకెలు చూస్తోంది. గుండె ఒక్కో దెబ్బకి తోస్తున్న రక్తం, ముప్పై రెండు మిల్లీలీటర్లు.

పది సెకన్లు. ముప్పై రెండు.

ఇరవై. ముప్పై మూడు.

"రావట్లేదు," అన్నాడు పరాంకుశం.

"ఉండండి సర్."

ముప్పై. ముప్పై ఆరు. ముప్పై ఎనిమిది. కెజియా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నలభై ఒకటి! బీపీ యాభై నాలుగు నుంచి అరవై, అరవై మూడు, అరవై ఆరు!

"దించండి," అన్నాడు పరాంకుశం.

దించారు. నిమిషంలో ముప్పై మూడు.

"ఎత్తండి."

నలభై రెండు.

పరాంకుశం ఎర్రతెర వైపు చూడను కూడా లేదు. "సీసా తెరువు కెజియా! పావు సీసా వదిలి ఆపు. ఊపిరి చూసుకుని ఇంకో పావు. చారుమతీ, ఆ దిక్కుమాలిన తెర కట్టెయ్యి!"

"అయ్యగారూ, నేను వదిలెయ్యనా?" అన్నాడు దానియేలు, చేతులు దించకుండానే.

"నేను చెప్పేదాకా వదలకు నాయనా."

ఆరున్నరకి బీపీ డెబ్భై. ఏడింటికి మందు సగానికి తగ్గించారు. ఊపిరితిత్తుల్లో నురగ లేదు, గురక లేదు. దానియేలు అప్పుడు గోడకి ఆనుకుని కూర్చుని, రెండు భుజాలూ నొక్కుకుంటూ ఏడ్చాడు. అప్పలస్వామి మంచినీళ్ళు తెచ్చిచ్చాడు.

*

ఆ తర్వాత ఆరో రోజు గొట్టం తీశారు. సువార్తమ్మ గొంతు బొంగురుపోయింది గాని మాట పదును పోలేదు. చారుమతి జరిగిందంతా చెప్పింది. నలభై ఆసుపత్రుల్లో పెట్టడం ఆపించేశాననీ, కంపెనీవాళ్ళు ఫోన్లో చెడామడా తిట్టారనీ కూడా చెప్పింది.

"ఇప్పుడు నా వార్డులో కాళ్ళు పట్టొద్దంటావా ఏంటి?"

"అనను సిస్టర్. అచ్చు తీసే వేళ మారుస్తున్నాను. యంత్రానికి ఇంకో కన్ను కూడా పెడుతున్నాను."

"ఊఁ. మరి గంటయ్య?"

చారుమతి తల దించుకుంది. "వాళ్ళమ్మాయికి చెప్పాలి. రోజూ వచ్చి కాళ్ళు పట్టిందట."

"చెప్పాలి." సువార్తమ్మ ఊపిరి తీసుకుంది. "అసలు ఆ గంట పెట్టుకోమన్నదీ నేనే, తలగడలు పెట్టించిందీ నేనే. లేవగలిగితే నేనూ వద్దును. ఆ పిల్లకి చెప్పు. కానీ తప్పు ఆ పిల్ల చేతుల మీద వేసి చెప్పకు. తెలిసిందా?"

*

ఉప్పు మళ్ళ మీద మధ్యాహ్నపు ఎండ తెల్లగా మండుతోంది. గంటయ్య కూతురు నూకరత్నం గట్టు మీద నిలబడి, పొడవాటి పలకతో ఉప్పు లాగి కుప్ప చేస్తోంది. ఇరవై రెండేళ్ళుంటాయి. మోకాళ్ళ దాకా ఉప్పు చారికలు.

చారుమతి చెప్పవలసిందంతా నిలబడే చెప్పింది. ఎక్కడా దాచలేదు.

నూకరత్నం పలక ఆపలేదు. ఇంకో రెండుసార్లు లాగింది. అప్పుడు ఆగింది.

"మా నాన్న బతికేవోడాండి?"

"బతికేవాడేమో. ఖాయంగా చెప్పలేను. నీళ్ళు మాత్రం ఇవ్వాల్సింది. వద్దని చెప్పింది నా యంత్రం. తప్పు నాది."

"నేను కాళ్ళు పట్టబట్టే కదండి మీ మిషను పొరపడింది?"

ఈ ప్రశ్నకే చారుమతి వారం రోజులుగా భయపడుతోంది. సంచీలోంచి ఓ కాగితం తీసింది. "ఇది చూడు. ఇది మీ నాన్న గుండె గీత. పొద్దున్నంతా ఇదిగో, ఇలా కిందనే. ఇక్కడ నువ్వొచ్చావు, నాలుగింటికి."

నూకరత్నం తడిచేతులు చీరకి తుడుచుకుని కాగితం అందుకుంది. చదును గీత మధ్యలో లేచిన దిబ్బని వేలితో తడిమింది.

"నువ్వు చేసింది మందే," అంది చారుమతి. "రోజు మొత్తంలో ఆయన గుండె బాగా కొట్టుకున్నది ఈ గంటే. అది మాకు కనబడలేదు. కనబడుంటే ఐదింటికి నిన్ను పంపేసేవాళ్ళం కాదు."

దూరాన లారీలోకి ఉప్పు బస్తాలు ఎత్తుతున్నారు. నూకరత్నం అటే చూసింది. కళ్ళు ఎర్రబడ్డాయి. "మిమ్మల్ని తిట్టాలనుందండి," అంది చివరికి. "ఇంటికెళ్ళాక తిట్టుకుంటాను."

"తిట్టు."

"మరి ఇప్పుడా మిషను ఏం చేత్తాదండి?"

"లెక్క మొదలెట్టే ముందు ఒక ప్రశ్న అడుగుతుంది. ఇంతకుముందు అడిగేది కాదు."

"ఏటని?"

"కాళ్ళ దగ్గర ఎవరున్నారు అని."

నూకరత్నం కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, ఉప్పు తగలకుండా జాకెట్టులో దోపుకుంది. పలక అందుకుని మళ్ళీ మడిలోకి దిగింది.